ఒకరికి ప్రాణం, పక్కవారికి పట్టదు: కొత్త దారి రాక్ పాటకు పిడి ఎక్కడుంది?

మన గోడపత్రికలో అన్నమయ్య పదం గురించి, త్యాగయ్య కీర్తన గురించి, జానపదం గురించి, సినిమా పాట గురించి వ్యాసాలు వచ్చాయి. రాక్ పాట గురించి ఇంతవరకు రాలేదు. అందుకని ఈ నెల ఆ పని నేను పెట్టుకున్నాను. రాక్ చరిత్ర మొత్తం చెప్పడం నా ఉద్దేశం కాదు. నా ప్రశ్న ఒక్కటే. రాక్‌లో కూడా అందరూ నడిచే దారి వదిలి వేరే దారి పట్టినవాళ్ళు కొందరుంటారు. వాళ్ళ పాట వింటే ఒకరికి ప్రాణం లేచొస్తుంది. అదే గదిలో, అదే స్పీకర్ ముందర కూర్చున్న ఇంకొకరికి ఏమీ అనిపించదు. ఎందుకు?

ఇక్కడ ఒక మాట గమనించండి. నేను అడుగుతున్నది అసహ్యం గురించి కాదు. పాట నచ్చక తిట్టేవాళ్ళు కనీసం దాన్ని విన్నారు. పట్టనితనం వేరు. పాట మోగుతా ఉంటుంది, మనిషి మాత్రం గ్యాస్ సిలిండర్ ఎప్పుడొస్తుందో మాట్లాడుతుంటారు. అభిమానానికి అసలైన ఎదురు మాట ఇదే అని నాకనిపిస్తుంది.

రాక్ గురించి తెలియని వారికోసం రెండు మాటలు. అమెరికాలో నల్లజాతివారి బ్లూస్, రిథమ్ అండ్ బ్లూస్ పాటల నుంచి 1950లలో పుట్టిన సంగీతం ఇది. ఎలక్ట్రిక్ గిటార్, బేస్ గిటార్, డ్రమ్స్ దీని ముఖ్యమైన వాయిద్యాలు. నలుగురైదుగురు కలిసి బ్యాండ్‌గా ఏర్పడి, తమ పాట తామే రాసుకుని, తామే కట్టుకుని, తామే పాడటం దీని పద్ధతి. మన సినిమా పాటలో రాసేవారు ఒకరు, కట్టేవారు ఒకరు, పాడేవారు ఒకరు, తెర మీద పెదవులాడించేవారు మరొకరు. కాబట్టి బ్యాండ్ అనేదే మన చెవికి కొంచెం కొత్త.

మన రైలు దారిలోనే ఒక ఉదాహరణ

ఇలాంటి సంగీతం ఎక్కడో లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉంటుందని అనుకోనక్కరలేదు. చెన్నై సెంట్రల్‌లో తిరుత్తణి లోకల్ ఎక్కితే ఆవడి, తిరువళ్ళూరు, అరక్కోణం దాటి తిరుత్తణి వస్తుంది. సుమారు 80 కిలోమీటర్ల దారి. ఈ దారి పక్కనే మన ఉదాహరణ ఉంది.

ఆ బ్యాండ్ పేరు ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’. సినిమా దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా కలిసి దీన్ని తయారుచేశారు. రంజిత్‌ది ఆవడి దగ్గరి కార్లపాక్కం, అంటే మన తిరువళ్ళూరు జిల్లానే. 2018 జనవరి 6న చెన్నై కీళ్పాక్కంలో మొదటి కచేరీ జరిగింది. మొదట్లో ఇందులో 19 మంది కళాకారులు. కులం లేని తమిళులు అని అయోతిదాస పండితర్ 19వ శతాబ్దంలో వాడిన మాట నుంచి ఈ పేరు వచ్చింది.

వాళ్ళు చేసిన కొత్త పని ఏమిటంటే, ఉత్తర చెన్నై పేటల్లో పుట్టిన గానా పాటను తెచ్చి రాక్ గిటార్ పక్కన, ర్యాప్ పక్కన నిలబెట్టారు. గానా అంటే చావింటి ముందర రాత్రంతా కూర్చుని పోయినవారి మీద పాడే పాట. పెళ్ళిళ్ళలోనూ పాడతారు. అసలు ఊపిరి మాత్రం దుఃఖం. దానికి పఱై, సట్టి, కట్టమోళం లాంటి వాయిద్యాలు. పఱై అంటే మన డప్పుకు తోబుట్టువు అనుకోండి.

ఈ బ్యాండ్‌లో ఇసైవాణి అనే గాయని ఉన్నారు. గానా అనేది ఎప్పటినుంచో మగవాళ్ళు పాడే పాటగానే నడిచింది. అందులోకి వచ్చి నిలబడిన అమ్మాయి ఆమె. 2020లో బీబీసీవారు ప్రకటించిన 100 మంది మహిళల జాబితాలో ఆమె పేరు ఉంది. ఇదే బ్యాండ్‌లో పాడిన అఱివు అరక్కోణం అబ్బాయి. 2021 మార్చిలో వచ్చిన ‘ఎంజాయ్ ఎంజామి’ పాటలో వినిపించేది ఆయన గొంతే, ఆయనతో పాటు పాడినది ధీ. అందులో ఆయన చెప్పింది సిలోన్ తేయాకు తోటల్లో పనిచేసి వచ్చిన తన అవ్వ వళ్ళియమ్మాళ్ కథ, భూమి లేనివాళ్ళ కథ.

ఇక ఈ బ్యాండ్ విన్నవాళ్ళను అడిగి చూడండి. ఒకరు ప్రతి పాటా నోటికి చెప్తారు. ఇంకొకరు “అదా? ఏదో అరుస్తారు కదా” అని వేరే మాట ఎత్తుకుంటారు. మధ్యలో ఉండేవాళ్ళు తక్కువ. ఎందుకిలా అని చూడటానికి ముందు మన చెవి ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవాలి.

చెవి లెక్కలు

లెనర్డ్ మేయర్ అనే అమెరికన్ పండితుడు 1956లో సంగీతం, భావం గురించి ఒక పుస్తకం రాశారు. ఆయన చెప్పిన ముఖ్యమైన సంగతి ఇది. పాట వింటున్నప్పుడు మన మనసు ఊరికే ఉండదు, తర్వాత ఏమొస్తుందో ముందే ఊహిస్తుంటుంది. ఆ ఊహ నెరవేరడం, ఆలస్యం కావడం, తప్పిపోవడం, వీటి వల్లనే మనకు అనుభూతి కలుగుతుంది. పల్లవి మళ్ళీ వస్తుందని ఎదురుచూస్తాం, వస్తే హాయిగా ఉంటుంది. కొంచెం ఆలస్యంగా వస్తే ఇంకా హాయి. కానీ ఊహించడానికే ఆధారం లేని పాట అయితే? అప్పుడు మనసు ఊహించడం మానేస్తుంది. పట్టనితనం అక్కడ మొదలవుతుంది.

డేనియల్ బెర్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో దీన్నే ఇంకో రకంగా చెప్పారు. పాత చింతకాయ పచ్చడిలాంటిది విసుగు పుట్టిస్తుంది. పూర్తిగా కొత్తది దూరం నెడుతుంది. మధ్యలో, కొంత తెలిసీ కొంత తెలియకా ఉన్నది ఎక్కువ నచ్చుతుంది. కాగితం మీద గీస్తే మన తిరుత్తణి కొండలాగా ఒక పక్క ఎక్కి ఇంకో పక్క దిగే గీత వస్తుంది. అయితే ఆ కొండ శిఖరం అందరికీ ఒకేచోట ఉండదు. పదేళ్ళు గిటార్ విన్నవారికి మామూలుగా అనిపించేది మొదటిసారి వినేవారికి గందరగోళం.

మూడోది, రాబర్ట్ జయాంక్ 1968లో ప్రచురించిన పరిశోధన. అర్థం లేని పదాలను, చైనా లిపి అక్షరాలను, ముఖాల ఫొటోలను మనుషులకు చూపించారు. కొన్ని తక్కువసార్లు, కొన్ని ఎక్కువసార్లు. ఎక్కువసార్లు చూసినవే ఎక్కువ నచ్చాయి. అర్థం తెలియకపోయినా సరే. మనలో చాలామందికి ఇది అనుభవమే. తమిళ బోర్డులు చూస్తూ పెరిగినవాళ్ళకు ఆ అక్షరాలు చదవడం రాకముందే సొంతంగా అనిపిస్తాయి.

దీనికి రాక్ ప్రపంచంలో ఒక మంచి ఉదాహరణ ఉంది. 1969లో క్యాప్టెన్ బీఫ్‌హార్ట్ అనే అమెరికన్ గాయకుడు ‘ట్రౌట్ మాస్క్ రెప్లికా’ అనే ఆల్బమ్ తెచ్చాడు. ఒక్కో వాయిద్యం ఒక్కో తాళంలో పోతున్నట్టు ఉంటుంది. మొదటిసారి విన్నవారు రికార్డు చెడిపోయిందేమో అనుకున్నా ఆశ్చర్యం లేదు. ‘ది సింప్సన్స్’ కార్టూన్ సృష్టికర్త మాట్ గ్రేనింగ్ కుర్రతనంలో దీన్ని విన్నాడు. మొదట ఇంత చెత్త ఎక్కడా వినలేదు అనుకున్నాడట. ఆరేడుసార్లు విన్నాక ఇంత గొప్పది ఎక్కడా వినలేదు అనిపించిందట. పాట మారలేదు. ఆయన చెవికి ఊహించే ఆధారం దొరికింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆరేడుసార్లు వినే ఓపిక ఎవరికి ఉంటుంది? మొదటిసారే నచ్చనిదాన్ని రెండోసారి ఎందుకు వింటారు? పాటలో ఎక్కడో ఒకచోట పట్టుకోవడానికి ఏదో దొరికితేనే వింటారు. దాన్నే నేను ‘పిడి’ అంటున్నాను. చెంబుకు, కత్తికి, తలుపుకు పిడి ఉన్నట్టే పాటకూ ఉండాలి. పిడి దొరికినవారు పాటను ఎత్తుకుంటారు. దొరకనివారు పక్కన పెడతారు.

పిడి ఉన్న కొత్తదనం

తిరుత్తణి దగ్గర ఈ మాట చెప్పడానికి చాలా పాత సాక్ష్యం ఉంది. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) తన మొదటి కృతిని తిరుత్తణి కొండ మీద పాడారని, ఒక ముసలాయన ఆయన నోట్లో కలకండ వేశాడని ఐతిహ్యం. అదే దీక్షితులు ఇంగ్లీషువారి బ్యాండ్ మెట్లకు సంస్కృత సాహిత్యం కట్టారు. వాటినే నొట్టుస్వరాలంటారు. ఆ రోజుల్లో ఇంతకంటే దారి తప్పిన పని ఏముంటుంది? కానీ సాహిత్యం దేవుడిది, భాష మనం గుళ్ళో వినేది. మెట్టు కొత్తది, పిడి పాతది. అందుకే సంగీతం నేర్చుకునే పిల్లలు ఇప్పటికీ వాటిని పాడుతున్నారు.

మన తెలుగువారిలో మాండలిన్ యు. శ్రీనివాస్‌ను చూడండి. 1969లో పాలకొల్లులో పుట్టారు. మాండలిన్ అనేది విదేశీ వాయిద్యం. తీగ మీటితే శబ్దం వెంటనే తగ్గిపోతుంది. మన గమకానికి స్వరం సాగాలి కదా. అందుకని ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంట తీగలు మాన్పించి ఐదు ఒంటి తీగలు పెట్టించారు. కర్ణాటక కచేరీ వేదిక మీద ఎలక్ట్రిక్ వాయిద్యం! మొదట్లో ముఖం చిట్లించినవారున్నారు. కానీ ఆయన వాయించింది త్యాగరాజ కీర్తన, దీక్షితుల కృతి. కళ్ళు మూసుకుంటే తెలిసిన పాటే. ఆ పిల్లవాడి కచేరీలకు జనం ఎగబడ్డారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. తర్వాత గిటార్ వాయించే జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో పనిచేశారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో పోయారు, అప్పటికి ఆయన వయసు 45. రాక్, జాజ్ వినేవారికి ఆయన వేగం పిడి అయింది. కర్ణాటక సంగీతం వినేవారికి కీర్తన పిడి అయింది. ఒకే మనిషి, రెండు పిడులు.

ఈ కాలంలో తెలుగు బ్యాండ్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది హైదరాబాద్ ‘చౌరస్తా’. రామ్ మిరియాల పాడిన ‘ఊరెళ్ళిపోతా మామ’ మీలో చాలామంది వినే ఉంటారు. ఆ తాళం జమైకా దేశపు రెగే. మాటలు మాత్రం మన పల్లె మాటలు. పట్నంలో ఉండలేక ఊరికి పోవాలనుకునే మనిషి గోడు. రెగే అంటే ఏమిటో తెలియనివారు కూడా ఊరు అనే మాట పట్టుకుని పాటలోకి వచ్చేశారు.

మా ఇంట్లో చేసి చూసిన పని

పుస్తకాల్లో ఉన్నది సరే, మనుషుల్లో ఎట్లా ఉంటుందో చూడాలనిపించింది. మాది రెండు భాషల ఇల్లు. నాన్నది తమిళం, మేం అప్పా అనే పిలుస్తాం. అమ్మది తెలుగు. తిరువళ్ళూరులో మా కాపురం, తిరుత్తణిలో అవ్వ ఇల్లు. ఒక ఆదివారం అవ్వ ఇంట్లో అందరూ ఉన్నప్పుడు ఫోన్‌లో వరసగా పాటలు పెట్టి, ఎవరేమంటారో చూశాను.

క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ పాట మొదలు కాగానే అప్పా పేపరు పక్కన పెట్టారు. అంబత్తూరు ఫ్యాక్టరీలో తనతో పనిచేసినవారి ఇళ్ళలో గానా విన్నారాయన. పాట అయిపోయాక “ఇంకొక తడవ పెట్టు” అన్నారు. తర్వాత తమిళంలో “ఇవంగ నమ్మ ఊరు పసంగదానే” అన్నారు. మన ఊరి పిల్లలే కదా అని. గిటార్ ఆయనకు కొత్తే. దాన్ని ఆయన పట్టించుకోలేదు, తెలిసిన గొంతును పట్టుకున్నారు.

అమ్మ “బాగుంది” అనింది. బియ్యంలో రాళ్ళు ఏరతా, తల ఎత్తకుండా. అమ్మకు బాలు గొంతు, ఇళయరాజా వయొలిన్లు చాలు. చౌరస్తా పాటకూ అదే “బాగుంది”. ఆ మాటలో ఎంత పట్టనితనం ఉండొచ్చో నేను ఆరోజే చూశాను. అమ్మ చెవి ఖాళీగా లేదు. నిండిన చెంబులో నీళ్ళు పోస్తే పక్కకు పోతాయి, అంతే.

అవ్వ మాత్రం పఱై మోగగానే లేచి కూర్చుంది. “ఏమే పాపా, ఎవురో పోయినట్టు కొడతా ఉండారు. అది మనిండ్లల్లో కొట్టేది కాదు, ఆపు” అనింది. చౌరస్తా పెడితే “ఈ పిలగాడు ఊరికి పోతా అంటుండాడా? పోనీలే, మంచిదే” అని నవ్వింది.

అవ్వ మాట నా మనసులో నిలబడిపోయింది. అవ్వకు చెవి లేదని ఎవరూ అనలేరు. తాళం తప్పితే భజనలో ముందు అవ్వే గుర్తుపడుతుంది. మరి ఆ డప్పు దగ్గర ఆమె చెవి ఎందుకు మూసుకుంది? దాని సంగతి కాసేపట్లో చెప్తాను. ముందు ఇంకొక కారణం చూద్దాం.

చేతికిచ్చింది ఎవరు?

పాట మన దగ్గరికి ఒంటరిగా రాదు, ఎవరో ఒకరు తెచ్చి ఇస్తారు. 2006లో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకున్నారు. 14,000 మందికి పైగా విన్నారు. కొందరికి పాటలు మాత్రమే చూపించారు. మిగతావారిని ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా చూపించారు. ఇతరుల ఎంపిక కనిపించినచోట పైకి పోయిన పాటలు ఇంకా పైకి పోయాయి. పైగా ఒక గుంపులో పైకొచ్చిన పాట ఇంకో గుంపులో రాలేదు. మరీ మంచి పాట అడుగుకు పోవడం, మరీ చెడ్డ పాట పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్న పాటలకు మాత్రం ఏ గతైనా పట్టొచ్చు.

దీన్నిబట్టి అభిమానం అనేది చెవికీ పాటకూ మధ్య మాత్రమే జరిగేది కాదని తెలుస్తోంది. చుట్టూ ఉన్నవారి చేయి కూడా అందులో ఉంది.

న్యూయార్క్ బ్యాండ్ ‘వెల్వెట్ అండర్‌గ్రౌండ్’ కథ కూడా ఇలాంటిదే. 1967లో వాళ్ళ మొదటి ఆల్బమ్ వచ్చింది. అట్ట మీద చిత్రకారుడు ఆండీ వార్హోల్ వేసిన అరటిపండు బొమ్మ. అప్పుడు పెద్దగా అమ్ముడుపోలేదు. కానీ కొన్నవాళ్ళు దాన్ని స్నేహితులకు ఇచ్చారు, వాళ్ళు ఇంకొకరికి ఇచ్చారు. ఆ రికార్డు కొన్న ప్రతివారూ ఒక బ్యాండ్ మొదలుపెట్టారేమో అన్నట్టుగా సంగీతకారుడు బ్రయన్ ఈనో 1982లో చెప్పారు. అది అతిశయోక్తే అయినా విషయం అర్థమవుతుంది. తక్కువమంది విన్న పాట విన్నవారిని ఒక కుటుంబంలా దగ్గర చేస్తుంది. మనకు మాత్రమే తెలిసినది అనే గర్వం కూడా ఆ అభిమానంలో ఉంటుంది.

గుంపు, మళ్ళీ మళ్ళీ వినడం, ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో తిరుత్తణివాళ్ళకు నేను చెప్పక్కరలేదు. కొండకు 365 మెట్లు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. డిసెంబర్ 31 రాత్రి భజన బృందాలు మెట్టుమెట్టుకూ తిరుప్పుగళ్ పాడుకుంటూ ఎక్కుతాయి. తిరుప్పుగళ్ తాళాలు సులభమైనవి కావు. ఆ తమిళం అరుణగిరినాథర్ కాలానిది, నేటి తమిళులకే అన్ని మాటలూ అర్థం కావు. అయినా తెలుగిళ్ళ ఆడవాళ్ళు కూడా గొంతు కలుపుతారు. మా అవ్వ కూడా. కష్టమైన పాట అయినంత మాత్రాన జనం దూరం పోరు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారుంటే వస్తారు.

రెండో రకం పట్టనితనం

ఇప్పుడు అవ్వ మాట దగ్గరికి వద్దాం. అమ్మ పట్టనితనం, అవ్వ పట్టనితనం ఒకటి కావు. అమ్మకు పిడి దొరకలేదు. అవ్వకు పిడి దొరికింది, కానీ ముట్టుకోకూడదని చిన్నప్పుడే నేర్పారు. డప్పును, పఱైను తరతరాలుగా దళితుల చేత చావుకు కొట్టించి, ఆ పని వల్లనే వాళ్ళను ఊరి బయట పెట్టారు. వాయిద్యానికి కూడా వీధి ఉంది మన ఊళ్ళల్లో. మృదంగానికీ తోలే, డప్పుకూ తోలే. ఒకటి సభలోకి పోయింది, ఇంకొకటి పాడె ముందర నడిచింది. ఆ తేడా శబ్దంలో పుట్టింది కాదు.

చెన్నైలో డిసెంబర్ వస్తే సభల్లో కచేరీలు నిండిపోతాయి. ఆ మార్గళి నెలలోనే పఱై, గానా, ఒప్పారి లాంటివాటికి వేదిక ఇవ్వాలని రంజిత్ వాళ్ళ నీలం సంస్థ 2020లో ‘మార్గళియిల్ మక్కళిసై’ అనే ఉత్సవం మొదలుపెట్టింది. మార్గళిలో జనం సంగీతం అని ఆ పేరుకు అర్థం. నెల ఎంచుకోవడంలోనే వాళ్ళు అడగదలచుకున్న ప్రశ్న ఉంది.

అందుకే క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అభిమానం అంత గట్టిగా ఉంటుంది. చావింటి పాట అని పక్కన పెట్టిన తమ పాట గిటార్లతో, లైట్లతో, వేల మంది ముందర నిలబడితే ఆ జనానికి అది వట్టి కచేరీ కాదు, గౌరవం. సంగీతం కొత్తగా ఉందా పాతగా ఉందా అన్న లెక్క అక్కడ చిన్నదైపోతుంది. తమ పాట ఇదివరకే అన్నిచోట్లా గౌరవంగా మోగుతున్నవారికి మాత్రం ఇందులో కొత్తగా దొరికేది కనపడదు. వారికి ఇది ఇంకొక బ్యాండ్.

ఇది నాకు పరాయి విషయంగా తోచలేదు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ తర్వాత మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మన ఇండ్లల్లో తెలుగు మిగిలింది, బడిలో, బోర్డు మీద తగ్గింది. బస్సులో తెలుగు మాట్లాడితే ఎవరూ తిట్టరు. ఎవరికీ పట్టదు, అంతే. “తెలుగు తీసుకుని ఏం చేస్తావు?” అని మనల్ని అడిగేవాళ్ళ గొంతులో కోపం ఉండదు. పట్టనితనం ఎదుటివారికి ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. తెలిసిన మనమే మన పక్కవీధి పాటను అట్లా చూస్తే ఎట్లా?

అలాగని అందరూ అన్నిటికీ అభిమానులు కావాలని నేననడం లేదు. క్యాప్టెన్ బీఫ్‌హార్ట్ నాకు ఇంతవరకు ఎక్కలేదు. అమ్మకు ఇళయరాజా చాలు అంటే నాకే అభ్యంతరం లేదు. నచ్చకపోవడం మన హక్కు. కానీ నచ్చలేదా, లేక విననీయకుండా ఎవరో ముందే చెవి మూశారా అని ఒకసారి చూసుకోవాలి. మొదటిది రుచి. రెండోదాన్ని రుచి అనడానికి వీల్లేదు.

ఏం చేయొచ్చు?

మన శాఖ మిత్రులకు ఒక చిన్న పని చెప్తాను. మీకు పట్టని సంగీతం ఒకటి ఎంచుకోండి. రాక్ కావచ్చు, గానా కావచ్చు, కర్ణాటక కచేరీ కావచ్చు. అది ఇష్టపడేవారిని ఒకరిని వెతకండి. “ఇది ఎందుకు గొప్ప?” అని అడగకండి. “ఇందులో నువ్వు మొదట దేన్ని పట్టుకున్నావు?” అని అడగండి. ఒకరు డ్రమ్ము చూపిస్తారు, ఒకరు ఒక్క మాట చూపిస్తారు, ఒకరు తమ నాన్న గుర్తొచ్చాడు అంటారు. తర్వాత ఆ పిడి పట్టుకుని కనీసం ఐదుసార్లు వినండి. అప్పటికీ పట్టకపోతే వదిలేయండి, దిగులేమీ లేదు.

రెండోది, మన కళాశాల సాంస్కృతిక కార్యక్రమాల్లో పాటల జాబితా తయారయ్యేటప్పుడు ఏ వాయిద్యం ఎప్పుడూ వేదిక ఎక్కలేదో ఒకసారి లెక్క చూడండి. నా మటుకు, తెలుగు శాఖ తరఫున వచ్చే ఉత్సవంలో డప్పు ఉండాలని మేడమ్‌ను అడిగాను. “వాయించేవాళ్ళను చూడమ్మా, మాట్లాడదాం” అన్నారు. మన తరగతుల్లోనే వాయించగలిగినవాళ్ళు ఉండొచ్చు. ఉంటే నాకు చెప్పండి.

అవ్వ సంగతి అడిగేవాళ్ళు ఉంటారు కాబట్టి చెప్తున్నాను. పోయిన వారం ‘ఎంజాయ్ ఎంజామి’ పెట్టాను. ఏ ఊరి పిల్లోడని అడిగింది. అరక్కోణం అన్నాను. “మన పక్కూరే కదా” అనింది. పాట మధ్యలో ఒప్పారి వచ్చినప్పుడు ఆపమనలేదు. పాట అయ్యాక, తన చిన్నప్పుడు పొలంలో నాట్లేసే ఆడవాళ్ళు ఎవరెవరు ఎట్లా పాడేవాళ్ళో పేర్లతో చెప్పింది. వాళ్ళ వీధి పేరు కూడా చెప్పింది. ఆ వీధికి తానెప్పుడూ పోలేదంట. ఆ పాటల్లో అవ్వకు గుర్తున్నవి రాసుకోవడం మొదలుపెట్టాను, ఇప్పటికి నాలుగు అయ్యాయి.